అక్షరాన్ని బొమ్మ చేసి, బొమ్మకు కళ్లద్దాలు అమ్మి

మొత్తానికి మాట్లాడే కళ్లద్దాలు వచ్చేశాయి. చూపు లేనివాళ్ల కష్టాలన్నీ గట్టెక్కినట్టేనని టీవీలు, యూట్యూబ్ చానళ్లు పోటీపడి చెబుతున్నాయి. ముప్ఫై వేల దాకా పెట్టి జోడు కొని, దాన్ని మంచి ఫోనుకు జత చేసి, నెట్ సరిగ్గా అంది, చార్జింగ్ మధ్యలో అయిపోకుండా ఉంటే, ఎదురుగా ఉన్నది కుర్చీయో కుక్కో అది చెవిలో చెబుతుందట. సంతోషం. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం వేదిక మీద శాలువాల పక్కన పెట్టి పంచడానికి ఇంతకంటే ఫొటో బాగా వచ్చే వస్తువు దొరకదు. టెక్నాలజీ మీద నాకు పగేమీ లేదు, పిచ్చి ఉంది. కొత్త ఫోను విడుదలైతే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో కాకుండా సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ పేజీలో ఏముందో ముందు వెతికే రకం పిచ్చి. ఆ పిచ్చితోనే అంటున్నాను: చూపు లేనివాళ్లకు కొత్తగా ఏమివ్వబోతున్నారో తర్వాత చూద్దాం, ముందు వాళ్ల చేతిలో ఉన్నవి లాక్కోవడం ఆపండి.

లాక్కున్నవేమిటో ఒక్కొక్కటే చూడండి. పాత కీప్యాడ్ ఫోనులో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. బొటనవేలికి అది తగిలితే చాలు, మిగతా అంకెలన్నీ ఎక్కడున్నాయో చెయ్యే చెప్పేది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, ప్రారంభోత్సవానికి మంత్రిగారు అక్కర్లేదు. మిక్సీ నాబ్ ఒకటి, రెండు, మూడు అని టక్కుటక్కుమంటూ తిరిగేది. రైస్ కుక్కర్ మీట కిందికి నొక్కితే అన్నం పొయ్యెక్కినట్టు, పైకి లేస్తే ఉడికినట్టు. వీటిని ఎవరూ చూపు లేనివాళ్ల మీద జాలితో తయారుచెయ్యలేదు, అయినా అందరికీ పనిచేశాయి. ఇప్పుడు అదే ఇంట్లోకి ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, వాషింగ్ మెషీన్ కొత్త ముఖాలతో వచ్చి కూర్చున్నాయి. ఆ ముఖాలు తాండూరులో పాలిష్ పట్టిన నాపరాయిలా నున్నగా ఉంటాయి. వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు, పెడితే ఏది నొక్కుకుందో తెలియదు, వెతుక్కుంటూ తడిమితే తడిమిందల్లా నొక్కినట్టే. దేన్ని నొక్కినా ఒకటే బీప్. దీని పేరు ప్రీమియం మోడల్. బటన్ పీకేసినందుకు అదనంగా డబ్బు తీసుకుని, దాని బదులు ఒక యాప్ ఇస్తారు. ఆ యాప్ తెరిస్తే, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ప్రతి గుర్తునూ వరసగా "లేబుల్ లేని బటన్, లేబుల్ లేని బటన్" అని భక్తిగా జపిస్తుంది.

ఆటల్లోనూ ఇదే తంతు, కాకపోతే అక్కడ సిగ్గు ఇంకాస్త తక్కువ. గేమంటేనే కంటితో పని, చూపు లేనివాళ్లకు గేములేమిటని తెలివైనవాళ్లే అడుగుతారు. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో అరవైకి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులు పెట్టారు. బొత్తిగా చూపు లేనివాళ్లు శబ్దాల ఆధారంతోనే దాన్ని చివరిదాకా ఆడి ముగించారు. అంత దూరం పోవడం ఎందుకు? ప్లాస్టిక్ బంతిలో బేరింగులు పోసి గలగలమనిపిస్తే అంధుల క్రికెట్ తయారైంది. పల్నాడు నుంచి వచ్చిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆ బంతితోనే జాతీయ జట్టు కెప్టెన్ అయ్యారు, అర్జున అవార్డు అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో మన అమ్మాయిలు ఆ బంతితోనే అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్పు గెలిచారు. ఇక చేతిలోని ఫోనులో లూడో ఆడదామంటే, పాచిక మీద ఎంత పడిందో పైకి చెప్పని గేములే ఎక్కువ. పాచికలకు బంగారు రంగు పూసి అమ్మడానికి తీరిక ఉన్నవాళ్లకు, పడిన అంకెను పలికించడానికి మాత్రం తీరిక దొరకదు.

అసలు ఘనకార్యమంతా పుస్తకాల్లో జరుగుతోంది. వికారాబాద్, ధారూర్, తాండూర్ దారిలో పుస్తకాల షాపంటే నోటుబుక్కులు, గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్. మంచి కథల పుస్తకం కావాలంటే చూపున్నవాడైనా రైలెక్కి హైదరాబాద్ పోయి కోఠిలోనో కాచిగూడలోనో వెతుక్కోవాలి, కాదంటే ఏడాదికోసారి వచ్చే పుస్తక ప్రదర్శన దాకా ఆగాలి. ఇలాంటి చోట ఫోనులోకే వచ్చే పుస్తకం ఎవరికైనా వరం. చూపు లేని పాఠకుడికైతే మరీను, చదివిపెట్టే మనిషి కోసం కాచుకుని కూర్చునే పని తప్పుతుంది. పరికరాలకూ కొదవ లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఉంది, తెలుగు చదువుతుంది. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని యువకులే మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగు అదీ చదువుతుంది. చదివే గొంతు సిద్ధం, వినే చెవి సిద్ధం. పుస్తకంలో అక్షరం ఒక్కటే లేదు.

అక్షరం లేని పుస్తకం ఎలా పుడుతుందో చూడండి. రచయిత ఈ రోజుల్లో తన కథను ఎక్కువగా ఫోనులోనో కంప్యూటర్లోనో యూనికోడ్‌లోనే టైపు చేస్తాడు. అంటే 'క' అని కొడితే లోపల కూడా 'క'యే ఉంటుంది. అది డీటీపీ సెంటరుకు పోతుంది. అక్కడ పేజ్‌మేకర్ కాలం నాటి అలవాటు కొద్దీ దాన్ని అనూ ఫాంట్లలోకి దింపుతారు. ఇక తెర మీద కనబడేది 'క'యే గానీ లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో, విరామ చిహ్నమో. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఇంకో ముక్క. కంటికి తెలుగు, కంప్యూటరుకు గజిబిజి. స్క్రీన్ రీడర్ లోపల ఏముంటే అదే చదువుతుంది. కథలో తల్లి కొడుకును చూసి కన్నీళ్లు పెట్టుకునే చోట అది "డాలర్, స్లాష్, పర్సెంట్" అంటుంది. ఈబుక్ అనేసరికి ప్రచురణకర్త ఇంకో మెట్టు ఎక్కుతాడు: ఆ పేజీలనే బొమ్మలుగా మార్చి, పైన తాళం వేసి అమ్ముతాడు. అప్పుడిక డాలర్, స్లాష్ కూడా దక్కవు. రెండు వందల పేజీల నవలంతా కలిపి స్క్రీన్ రీడర్ నోట ఒకటే మాట: ఇమేజ్.

సరిగ్గా ఇక్కడే మన కళ్లద్దాలు రంగప్రవేశం చేస్తాయి. రచయిత అక్షరం టైపు చేశాడు. డీటీపీ ఆయన దాన్ని ముక్కలు చేశాడు. ప్రచురణకర్త ముక్కలను బొమ్మ చేశాడు. ఇప్పుడు పాఠకుడు ముప్ఫై వేలు పోసి కళ్లద్దాలు పెట్టుకుని ఆ బొమ్మను కృత్రిమ మేధకు చూపిస్తే, అది ఎక్కడో ఉన్న సర్వర్లో కరెంటు, నీళ్లు ఖర్చుపెట్టి ఆలోచించి, ఇది 'ప' కావచ్చు, 'వ' కూడా కావచ్చు అని సందేహంగా చెబుతుంది. ఒత్తులుంటే సందేహం రెట్టింపు. అయ్యా, మొదట అక్కడ ఉన్నది అక్షరమే కదా! ఉన్న అక్షరాన్ని పనిగట్టుకుని చెరిపి, చెరిపినదాన్ని ఊహించి చెప్పే యంత్రానికి చప్పట్లు కొడుతున్నాం. పైగా ఇది తెలుగు భాషకు సాంకేతిక సేవ అని వేదికలెక్కి చెప్పుకుంటున్నాం.

పాతికేళ్ల కింద దీనికి సాకు ఉండేది. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దక్కినా, మామూలు కంప్యూటర్లో అది కుదురుగా కనబడేసరికి చాలా కాలం పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక ఆ సాకు సగం చచ్చింది. ఫాంట్లు అందంగా లేవన్నది మిగతా సగం. అదీ పోయింది. గిడుగు, సురవరం, మండలి, రామభద్ర అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేర్లతోనూ ఫాంట్లున్నాయి, రాయలవారి పేరుతో కూడా ఉంది. భువనవిజయం సగానికి సగం యూనికోడ్‌లోకి వచ్చి పనికోసం ఎదురుచూస్తుంటే, మన ప్రచురణకర్తలు మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టారు. పాత పుస్తకాల సంగతి వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పుస్తకాలు బొమ్మలే అయినా, అచ్చు కాగితం తప్ప వేరే ఆధారం లేనివాటికి అంతకన్నా దారి లేదు, వాటి జోలికి నేను పోను. నిన్న కంప్యూటర్లో పుట్టిన పుస్తకాన్ని తొంభై ఏళ్ల కిందటి కాగితం స్థితికి దిగజార్చడమే నా ఒంటికి కారం రాస్తోంది.

దీనికి జవాబుగా వినబడే మొదటి మాట దొంగతనం. అసలు టెక్స్ట్ ఇస్తే కాపీ కొట్టేస్తారట. బొమ్మల పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరేగడం లేదా? అచ్చు పుస్తకాన్ని ఫోనుతో ఫొటోలు తీసి పంచేవాడిని ఏ తాళం ఆపింది? దొంగకు కావాల్సింది కళ్లకు కనబడే పేజీ. అది మీరే ఇస్తున్నారు. ఆ తాళం పడింది డబ్బు పెట్టి కొన్న పాఠకుడి చెవికి. రెండో మాట, ఆడియో పుస్తకాలున్నాయిగా అని. ఎన్ని ఉన్నాయి? ఉన్నా, ఒక పదం వర్ణక్రమం చూసుకోవాలన్నా, పుట సంఖ్య చెప్పి ఉటంకించాలన్నా, పరీక్షకు ఒక పేరా వెతుక్కోవాలన్నా ఆడియో చాలదు. వినడం వేరు, చదువుకోవడం వేరు. మూడో మాట ఖర్చు. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉచితంగానే ఉన్నాయి. మార్చాక తప్పులు దిద్దే పని ఉంటుంది, నిజమే. ఆ పనికయ్యే కూలి పుస్తకావిష్కరణ సభలో పూలదండలకయ్యేదానికంటే మరీ ఎక్కువేం కాదు.

నాలుగో మాట అందరికంటే పెద్దమనుషులది: అసలు అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారండీ? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. ఆ లెక్కలోకి రాని వృద్ధులు వేరే. 2018లో మొదలైన కంటి వెలుగు తొలి విడతలోనే తెలంగాణలో కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించి, లక్షల కొద్దీ అద్దాలు పంచారు. ఆ అద్దాలు పెట్టుకుని ఫోనులో పుస్తకం తెరిచిన పెద్దాయన అక్షరం పెద్దది చేద్దామని వేళ్లతో సాగదీస్తే, బొమ్మ పీడీఎఫ్‌లో వాక్యం సగం తెర అవతలికి పోతుంది. ప్రతి లైనుకూ పేజీని కుడికీ ఎడమకూ ఈడ్చుకోవాలి. అసలు టెక్స్ట్ అయితే ఎంత పెద్దది చేసినా లైను తెరలోనే ఒదుగుతుంది. చూపు లేనివాళ్లకు వేసిన బాట మీద నడిచేది వాళ్లొక్కరే కాదు. రేపు చత్వారం వచ్చాక ప్రచురణకర్త గారూ అదే బాటన నడవాలి.

ఇక వెటకారం చాలు. ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు, చట్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, అచ్చులోనైనా ఎలక్ట్రానిక్ మాధ్యమంలోనైనా ఉన్న సమాచారమంతా అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంటుంది. రోజువారీ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగేలా ఉండాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో రాసుకున్నారు. రాసుకున్నారు, అంతే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, చూపు లేనివాళ్లకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చన్నారు. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందడం కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. సంతకానికి మనం ముందు, పనికి అందరి వెనక. మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లు దేశమంతా పరిశీలించి ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, వికలాంగుల హక్కుల చట్టం కింద సలహాల మాదిరి మిగిలిపోయిన నిబంధనను కొట్టేసి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తెమ్మంది. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. ఇంత జరిగాక కూడా స్కాన్ చేసిన జీవోలను వెబ్‌సైట్లలో పెడుతున్న ప్రభుత్వం, ఏ ముఖంతో ప్రచురణకర్తకు నోటీసు ఇస్తుంది?

కళ్లద్దాలు వద్దని నేననడం లేదు. బస్సు బోర్డు చదవడానికి, మందు డబ్బా మీద తేదీ చూడడానికి, గోడ మీది కాగితం వినడానికి అవి భేషుగ్గా పనికొస్తాయి. కొనగలిగినవాళ్లు కొనుక్కోవాలి, కొనలేనివాళ్లకు ప్రభుత్వం ఇవ్వాలి. కానీ ఒకరు పారేసిన అక్షరాన్ని ఏరుకోవడానికి ఇంకొకరు ముప్ఫై వేలు కట్టాలనడం టెక్నాలజీ కాదు, దోపిడీ. ప్రభుత్వం వెయ్యని జరిమానా పాఠకులమే వెయ్యాలి. ఈసారి పుస్తక ప్రదర్శనకు పోయినప్పుడు తగ్గింపు ఎంత అని బేరమాడే ముందు, ఈ పుస్తకం యూనికోడ్ ఈబుక్‌గా ఉందా అని అడగండి. లేదంటే పుస్తకం అక్కడే పెట్టేసి, ఎందుకు కొనడం లేదో మొహం మీదే చెప్పండి. ఆ ప్రశ్న మొదట ఈ వ్యాసం అచ్చువేసిన పత్రికనే అడగండి.