ఆ ఫోటో పెట్టింది నేనే

మా తాత గ్యాంగుమాన్. మా నాన్న కీమాన్. నేను రైల్వే ఇంజనీరింగ్ ఆఫీసులో గుమాస్తాని. మూడు తరాలుగా పట్టాలు పెట్టిన తిండి తింటున్న ఇంట్లో పుట్టి, పట్టాలు కాయడానికి డ్యూటీకి వెళ్తున్న మనిషిని దొంగ అని నలుగురికీ చూపించాను. మా వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు, ఆఫీసులో కొందరికి తెలుసు. విజయనగరంలో ఉన్న మా చుట్టాలకి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. వాళ్ళు పంపిన వీడియో దగ్గరే ఇది మొదలైంది కాబట్టి వాళ్ళకీ తెలియాలని రాస్తున్నాను.

మేముండేది చకర్‌భాటాలో. బిలాస్‌పూర్‌లో రాయ్‌పూర్ వైపు బండెక్కితే దాధాపారా తర్వాత వచ్చే స్టేషను మాది, మా తర్వాత బిల్హా. ఇది హౌరా–ముంబై మెయిన్ లైను. కోర్బా వైపు గనుల్లో బొగ్గు నింపుకున్న గూడ్సులు రాత్రనక పగలనక పోతూనే ఉంటాయి. మా తాత బొబ్బిలి పక్క పల్లె నుంచి వచ్చాడు. 1931లో పార్వతీపురం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర వాళ్ళకి ఈ వైపు దారి తెరుచుకుంది. ఆయన చేరినప్పుడు ఇది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. నాన్న రిటైరైనప్పుడు సౌత్ ఈస్టర్న్. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడింది. నేను కొలువు చేస్తున్నది అందులోనే. క్వార్టర్లలో పుట్టి పెరిగిన వాళ్ళం, సొంత ఇల్లు అనుకునేసరికి బిలాస్‌పూర్‌లో స్థలం అందలేదు. చకర్‌భాటాలో కొనుక్కున్నాం.

మేం వచ్చినప్పుడు ఊరు చిన్నదే. తర్వాత పక్కనే బోద్రీలో హైకోర్టు కొత్త భవనం వచ్చింది. 2021 మార్చి 1న ఇక్కడి విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. స్థలాల ధరలు పెరిగాయి, పొలాల్లో ఇళ్ళు లేచాయి. ఇళ్ళు కట్టేవాళ్ళు, అద్దెకు దిగేవాళ్ళు, తెల్లారేసరికి ఖాళీ చేసి పోయేవాళ్ళు. ఎదురింట్లో ఎవరుంటున్నారో చెప్పలేని వీధులు ఎక్కువైపోయాయి.

సాయంత్రం బండి దిగి టీ కొట్టు దగ్గర నిలబడితే ఇవే కబుర్లు. ఫలానా వాళ్ళ మోటారుసైకిల్ పోయింది. సగం కట్టిన ఇంటి దగ్గర ఇనప ఊచలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. పెళ్ళికెళ్ళి వచ్చేసరికి ఒకరింటి తాళం పగిలి ఉంది. ఇవన్నీ నిజంగా జరిగినవే. భయపడటంలో తప్పేమీ లేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపు కూడా అందుకే పెట్టుకున్నాం. మొదట్లో నీళ్ళ మోటారు, కరెంటు కోత, కుక్కల గొడవ లాంటి విషయాలే వచ్చేవి. రాను రాను దొంగల కబుర్లే మిగిలాయి. ఆ గ్రూపులో అందరికంటే ఎక్కువగా రాసేది నేనే. రైల్వే ఆఫీసులో పని చేస్తాడు, నాలుగు విషయాలు తెలిసినవాడు అని నా మాటకి విలువ ఉండేది. ఆ విలువ నాకు ఇష్టంగా ఉండేది. అసలు రోగం అక్కడుంది.

2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి పరిసరాల్లో చెడ్డీ గ్యాంగ్ దొంగతనాలు జరిగాయి. నిక్కర్లు వేసుకుని గోడలు దూకుతున్న మనుషుల సీసీ కెమెరా వీడియోలు మా చుట్టాల గ్రూపులోకి వచ్చాయి. వాటిలో ఒకటి మా కాలనీ గ్రూపులో పెట్టి, "ఆంధ్రలో పట్టుకుంటున్నారు, ఇటు పారిపోయి రావచ్చు" అని హిందీలో రాశాను. ఇటు వస్తున్నారని నాకెవరూ చెప్పలేదు. అది నేను కల్పించిన మాట. అప్పుడది నాకు జాగ్రత్త చెప్పినట్టే అనిపించింది.

వదంతులు ఎక్కడిదాకా పోతాయో తెలియనివాణ్ణి కాను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న మెసేజీలు దేశమంతా పాకిన సంగతి పేపర్లో చదివినవాణ్ణే. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో వేసి కొట్టి చంపారు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికే నాథ్ గోసావీలు వాళ్ళు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వార్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్ళకి పోలీసుల్ని పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి ఆ వదంతుల్ని ఆపిన సంగతి మా ఆఫీసులో అందరికీ మెచ్చుకుంటూ చెప్పింది నేనే. తెలిసినవాడు చేసిన మూర్ఖత్వం నాది. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆ చలికాలంలోనే ఒక రాత్రి, పదిన్నర దాటి ఉంటుంది. కుక్కలు ఒకటే మొరుగుడు. మేడ మీద కిటికీ తీసి చూశాను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తల మీదుగా కంబళి కప్పుకున్నాడు. పక్కన కర్ర, భుజాన సంచి. కాళ్ళ దగ్గర ఏదో చేసుకుంటున్నాడు. లేచి ఒకసారి ఇళ్ళ వైపు చూసి, పట్టాల వైపు సందులోకి తిరిగాడు. నేను చూసింది అంతే. ఫోన్‌లో ఫోటో తీశాను. ముఖం కనబడలేదు, మసగ్గా ఒక ఆకారం.

గ్రూపులో రాసింది మాత్రం వేరు. "అనుమానంగా ఉన్నాడు. చేతిలో ఇనప రాడ్డు ఉంది. రెండు రోజులుగా మన వీధిలోనే తిరుగుతున్నాడు." చేతిలో ఉన్నది కర్ర. రెండు రోజులుగా అన్నది పచ్చి అబద్ధం, ఆ మనిషిని చూడటం అదే మొదటిసారి. ఎందుకలా రాశానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఒట్టి ఫోటో పెడితే ఎవరూ కదలరనిపించింది. కదలాలంటే మాటకి బరువుండాలి. ఆ బరువు నా దగ్గర లేదు కాబట్టి అబద్ధంతో తెచ్చాను. పక్క కాలనీ గ్రూపులోనూ అదే పెట్టాను. పెట్టి తలుపులన్నీ చూసుకుని పడుకున్నాను. మంచి పని చేశానన్న తృప్తితో నాకు నిద్ర కూడా పట్టింది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. గేటుమాన్, మా వీధి కుర్రాళ్ళు చెప్పగా తెలిసింది. కొంతమంది కుర్రాళ్ళు బళ్ళేసుకుని వెళ్ళి లెవెల్ క్రాసింగ్ గేటుకి కాస్త ఇవతల ఆ మనిషిని ఆపారు. ఎవరు నువ్వు, ఎక్కడికి, సంచిలో ఏముంది. డ్యూటీకి ఆలస్యమవుతుంది అన్నాడట. డ్యూటీ ఏంట్రా ఈ వేళప్పుడు అని ఒకడు చెంప మీద కొట్టాడు. సంచి లాగి రోడ్డు మీద బోర్లించారు. అందులోంచి ఒక రేకు డబ్బా పడింది. మూత ఊడి, గుండ్రంగా ఎర్ర రంగు వేసిన బిళ్ళలు దొర్లాయి. ఎవడో "బాంబు" అని అరిచాడు. అక్కడి నుంచి దెబ్బలు ఆగలేదు. గేటుమాన్ లాంతరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అడ్డం పడి, "మా పెట్రోల్‌మాన్ రా" అని కేకలు పెట్టేదాకా కొట్టారు.

ఆ ఎర్ర బిళ్ళలు డిటోనేటర్లు. రైల్వేలో వాటిని పటాకీలంటారు. చలికాలంలో రాత్రి ఇనుము ముడుచుకుంటుంది. పొడుగ్గా అతికిన పట్టాలు రెండు పక్కలకీ లాగినట్టవుతాయి, అతుకు బలహీనంగా ఉన్నచోట పగులుతాయి. పగిలిన పట్టా తెల్లారేదాకా ఎవరి కంటా పడకపోతే దాని మీద నుంచే బళ్ళు పోతాయి. అందుకని చలి రాత్రుల్లో పెట్రోల్‌మాన్‌లు తమకి అప్పగించిన పట్టాల దూరం, అంటే తమ బీటు, పొడుగునా నడుస్తారు. రాత్రికి ఇరవై కిలోమీటర్ల దాకా నడక పడుతుంది. పట్టా విరిగిందని కనిపెడితే ఎర్ర దీపం చూపిస్తూ బండికి ఎదురు పరుగెత్తాలి. విరిగిన చోటికి 600 మీటర్ల దూరాన ఒక పటాకీ, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పటాకీలు పట్టా మీద బిగించాలి. చక్రం ఎక్కగానే అవి పేలతాయి, డ్రైవరు బండి ఆపుతాడు. బీటు చివర అవతలి నుంచి నడిచొచ్చే పెట్రోల్‌మాన్ కలుస్తాడు. ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరుగుతారు. బీటు పూర్తిగా నడిచారనడానికి ఆ పుస్తకమే సాక్ష్యం. ఇప్పుడు మెడలో జీపీఎస్ పరికరం కూడా ఇస్తున్నారు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఏ రైలు ఎప్పుడొస్తుందో చూసి, దానికి తగ్గట్టు ఎవరు ఎన్నింటికి ఎక్కడ ఉండాలో పెట్రోల్ చార్టు టైపు చేసేది నేను. ఆ శీతాకాలం చార్టూ నేనే టైపు చేశాను. అందులో బీటు నంబర్లుంటాయి, కిలోమీటర్లుంటాయి, గంటలుంటాయి. మా వీధి వెనక సందు మీదుగా రాత్రి పదిన్నరకి డ్యూటీకి నడిచి వెళ్ళే మనిషి అందులో ఉన్నాడని నాకు ఒక్కసారైనా తట్టలేదు.

పొద్దున్నే అమ్మ ఫోన్‌లో ఆ ఫోటో చూసింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "దొంగేట్రా ఈడు? కాలికి గుడ్డ సుట్టుకుంతన్నాడు, సూడు. కంకర్రాళ్ళు గుచ్చుకోకుండా మీ తాతా ఇలాగే సుట్టుకునీవోడు. గ్యాంగుమేనురా" అంది. ఇప్పుడు బూట్లిస్తున్నారు, గుడ్డలెవరు చుట్టుకుంటారు అని కొట్టిపారేసి బండికెళ్ళిపోయాను. ఆమె చూసింది నిజమే. ఆ మనిషి కాలి మడమ పగిలి, బూటు లోపల గుడ్డ చుట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి కాగితం నా బల్ల మీదకి వచ్చింది. ఫలానా బీటు ఆ రాత్రి ఆలస్యంగా మొదలైంది, మొదటి నడక పూర్తి కాలేదు, పెట్రోల్‌మాన్‌ని వివరణ అడగండి అని. బీటు జాగా చదివాను. మా గేటు. టైము చదివాను. కూర్చున్నచోట చెమట పట్టింది.

ఆ కాగితం చదివిన వెంటనే లేచి అధికారి గదిలోకి వెళ్ళి చెప్పవలసింది. వెళ్ళలేదు. వివరణ కోరుతూ పంపే ఉత్తరం టైపు చేశాను. నా అబద్ధం వల్ల దెబ్బలు తిన్న మనిషిని, నువ్వెందుకు నడవలేదని నా వేళ్ళతోనే అడిగాను. ఆ ఉత్తరం వెళ్ళింది. గ్రూపులో ఫోటో తీసేశాను, సంజాయిషీ మాత్రం రాయలేదు. ఫోటో పెట్టినప్పుడు కంగారుపడ్డానని అనుకోవచ్చు. ఈ ఉత్తరం దగ్గర నేను కంగారులో లేను, అన్నీ తెలిసి చేశాను. అందుకే మొదటి దానికంటే ఇదే పెద్ద తప్పని నేననుకుంటాను.

నా నోరు విప్పించింది ఆ పెట్రోల్‌మాన్ రాసిచ్చిన జవాబు. "దారిలో జనం ఆపారు. పటాకీలు కొన్ని దొరకలేదు, వెతికి లెక్క అప్పగించాను" అని అంతే ఉంది. కొట్టారన్న మాట లేదు. ఆ కాగితం పట్టుకుని అధికారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చాను. గేటుమాన్ కూడా సాక్ష్యం చెప్పాడు. ఆయన మీద ఏ చర్యా లేకుండా ఫైలు మూసేశారు.

ఆ సాయంత్రమే బిల్హా దారిలో ఉన్న ఆయన పల్లెకి వెళ్ళాను. ఫోటో పెట్టింది నేనే, రెండు రోజులన్న అబద్ధం రాసింది నేనే అని వాకిట్లో నిలబడి చెప్పాను. ఆయన భార్య నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మంచం చూపించి కూర్చోమన్నాడు. "దెబ్బ మానిపోతుంది బాబూజీ. ఆ రాత్రి బీటు చివర అవతలి మనిషి నా కోసం ఆ చలిలో నిలబడే ఉన్నాడు. నాకేమైందోనని వెతుక్కుంటూ నా బీటు కూడా తనే నడిచాడు" అన్నాడు. ఫిర్యాదు పెడతానంటే నేను సాక్ష్యం ఇస్తానన్నాను. రోజూ ఆ దారినే నడవాలి, వద్దు అన్నాడు. ఆయన వద్దన్నంత మాత్రాన అది నేరం కాకుండా పోదు. డ్యూటీకి వెళ్తున్న రైల్వే మనిషిని కొట్టడానికి కారణం నేను.

మర్నాడు కాలనీ గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. కొందరు తిట్టారు. ఒకరిద్దరు, మంచికే చేశావు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. కొట్టిన కుర్రాళ్ళలో ఇద్దరు నాతో వచ్చి ఆయన కాళ్ళకి మొక్కారు, మిగతావాళ్ళు రాలేదు. అప్పటి నుంచి గ్రూపులో తెలియని మనిషి ఫోటో పెట్టడం లేదు. చలికాలం పెట్రోలింగ్ మొదలయ్యే ముందు, రాత్రుళ్ళు కర్రతో, సంచితో వెళ్ళే రైల్వే మనుషులు మన సందు మీదుగా వెళ్తారని నేనే అందరికీ చెప్తున్నాను. దొంగతనాలు ఆగిపోలేదు. మొన్ననే ఇంకో మోటారుసైకిల్ పోయింది. వెంటనే పోలీసులకి చెప్పాం, ఎవరి ఫోటో ఎక్కడా తిప్పలేదు.

విజయనగరంలో ఉన్న మా వాళ్ళకీ, రైలు పట్టాల పక్కన ఇల్లున్న ప్రతివాళ్ళకీ ఒక మాట. రాత్రిపూట అనుమానం వస్తే 112కి ఫోన్ చెయ్యండి. పట్టాల దగ్గరైతే గేటుమాన్‌నో స్టేషన్ మాస్టర్‌నో అడగండి, లేదంటే 139కి చెప్పండి. కళ్ళతో చూసినంతే చెప్పండి, దానికి ఒక్క మాట కూడా చేర్చకండి. కర్ర, సంచి, దీపం పట్టుకుని పట్టాల వైపు వెళ్తున్న మనిషి కనిపిస్తే ఆపకండి. ఆయన కోసం బీటు అవతలి చివర ఇంకో మనిషి ఎదురుచూస్తుంటాడు.