అద్దం రాయుళ్లు

ప్రాగ్ పాతబస్తీ కూడలిలో గంట కొట్టే వేళకి ఇసకేస్తే రాలని జనం. 1410 నాటి ఖగోళ గడియారం కింద మెడలన్నీ పైకే, ఫోన్లన్నీ పైకే. అపోస్తలుల బొమ్మలు కిటికీల్లోంచి వరసగా తొంగిచూసి పోతాయి, చివర్లో బంగారు కోడి కూస్తుంది. తిప్పికొడితే నిమిషం. ‘ఓస్, ఇంతేనా!’ అని పెదవి విరుపులు.

ఆ గడియారమున్న టౌన్‌హాల్ పక్కనే నేలలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉన్నాయి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తిపై తిరగబడ్డ 27 మందిని 1621 జూన్ 21న ఈ కూడలిలోనే చంపారు. వాటివంక చూసే తీరిక ఎవరికి? ఐస్‌క్రీమ్ చుక్కలు రాల్చుకుంటూ తొక్కేసి పోవడమే.

గడియారం పక్కన నాలుగు బొమ్మలు మరీ గడుసువి. అద్దంలో మురిసిపోయే డాబురాయుడి వారసులు కింద సెల్ఫీ కర్రలతో సిద్ధం. డబ్బుసంచి పిసినారి వారసులు చుట్టూ హోటళ్లు తెరిచి, గడియారం కనబడినందుకూ కాఫీ బిల్లులోనే వడ్డిస్తారు. అస్థిపంజరం గంట మోగించి ‘టైమైంది, పదండి’ అంటే, తక్కిన మూడు బొమ్మలూ ‘రాం పో’ అని తల అడ్డంగా తిప్పుతాయి. బొమ్మలకైనా ఆ పిలుపు వినబడింది. కిందివాళ్లకి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతేగానీ టైమైనట్టు కాదు!