ఒక పారాథైరాయిడ్ గ్రంథి కథ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల్లో పనిచేస్తూ మూత్రపిండాలు పోగొట్టుకున్న ఒక కూలీ మెడలో, థైరాయిడ్ వెనుక కందిపప్పు బద్దంత పరిమాణంలో ఒదిగి ఉన్న నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకదాని జీవితచరిత్ర ఇది. రిచర్డ్ ఓవెన్ 1850లో, లండన్ జంతుప్రదర్శనశాలలో మరణించిన భారతీయ ఖడ్గమృగం దేహంలో ఈ గ్రంథిని గుర్తించగా, మనిషిలో దాని ఉనికిని స్వీడన్‌కు చెందిన ఇవార్ సాండ్‌స్ట్రోమ్ 1880లో వివరంగా ప్రకటించాడు.

రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడడమే ఈ గ్రంథి బాధ్యత. కాల్షియం రవ్వంత తగ్గినా గ్రంథి 84 అమైనో ఆమ్లాల హార్మోన్‌ను విడుదల చేసి, ఎముకల నుంచి కాల్షియాన్ని రప్పించి, మూత్రంలో పోయేదాన్ని ఆపించి, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చవలసిందిగా మూత్రపిండాలను పురమాయించేది. అవి చెడిపోయాక ఆ ఆజ్ఞను అమలుచేసే అవయవమే లేకపోయింది. బయటికి పోవలసిన ఫాస్ఫరస్ రక్తంలో నిలిచిపోయి, చురుకైన విటమిన్ డి కొరవడి, పేగులు కాల్షియాన్ని సరిగా గ్రహించలేక, గ్రంథి రాత్రింబగళ్లు పనిచేయవలసి వచ్చింది. దీనిని ద్వితీయ హైపర్‌పారాథైరాయిడిజం అంటారు, అంటే జబ్బు పుట్టింది గ్రంథిలో కాదు, మూత్రపిండంలో. కాబట్టి గ్రంథిని నిందించడం న్యాయం కాదు.

పని పెరిగినకొద్దీ గ్రంథి మొదట సమంగా, తరువాత గడ్డలుగా పెరిగింది. ఆ గడ్డల్లో కాల్షియాన్ని, విటమిన్ డిని గుర్తించే గ్రాహకాలు తగ్గడంతో ‘ఇక చాలు’ అన్న సంకేతం దానికి అందకుండా పోయింది. ఆరోగ్యవంతుల్లో మిల్లీలీటరుకు సుమారు 65 పికోగ్రాములు దాటని హార్మోన్ ఈ స్థితిలో వెయ్యి కూడా దాటవచ్చు. ఆ భారమంతా నొప్పెట్టే ఎముకలు, తేలికగా విరిగే తుంటి, దురద తగ్గని చర్మం, కాల్షియం పేరుకుని గట్టిపడిన రక్తనాళాలు మోస్తాయి.

డయాలిసిస్ ఫాస్ఫరస్‌ను కొంతమేరకే తీయగలదు కనుక ఎండుచేపలు, ఫాస్ఫేట్ కలిపిన ప్యాకెట్ తిళ్లు తగ్గించమంటారు. సెవెలమర్ బిళ్ల తిన్న అన్నంలోని ఫాస్ఫరస్‌నే పట్టుకుంటుంది కాబట్టి, ఖాళీ కడుపున మింగితే వృథా అవుతుంది. కాల్సిట్రియాల్, సినకాల్సెట్ అనే మందులు కూడా ఫలించకపోతే గ్రంథిని తొలగించే శస్త్రచికిత్స తప్పదు. ఆ తరువాత ఎముకలు కాల్షియాన్ని ఒక్కసారిగా పీల్చుకోవడంతో రక్తంలో అది ప్రమాదకరంగా పడిపోవచ్చు.

గ్రంథి గడ్డలుగా మారాక దాన్ని మునుపటి స్థితికి తేవడం కష్టం. అందుచేత కిడ్నీ వ్యాధి మూడో దశకు చేరిన ప్రతివారూ క్రియాటినిన్‌తో పాటు కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు కూడా వైద్యుని అడిగి చేయించుకోవాలి.