పేరు మామయ్య

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా చుట్టాల్లో ఎవరింట ఉయ్యాల కట్టినా మా మామయ్య పిలవకుండానే దిగుతాడు. పాపను ఎత్తుకోడు, ముందు పేరడుగుతాడు. 'తన్షిక' అన్నామా, "అర్థమేందిరా?" అంటాడు. నెట్‌లో లక్ష్మీదేవి అని ఉందంటే, "నెట్‌లో ఆడపిల్ల పేరు ఏది కొట్టినా లక్ష్మో, పార్వతో అనే ఉంటది" అని తీసిపారేస్తాడు. అది మాత్రం నిజమే!

ఇక సీతమ్మ పేర్లు ఎత్తుకున్నాడంటే విస్తళ్లు వేసినా లేవడు. "సీతంటే నాగేటి చాలు. జనకుడి బిడ్డ జానకి. విదేహ పిల్ల వైదేహి. మిథిల పిల్ల మైథిలి. అన్నీ పుట్టింటి పేర్లేరా! మొగుడి పేరు ఒక్కదాంట్లనన్నా ఉన్నదా?"

వంటింట్లో గిన్నె ఠంగుమంటుంది. పెళ్లినాడే అత్తయ్య పేరు మార్చింది ఈయనే. "ఒడిశాలో కొలాబ్ అనే ఏరు మన దిక్కొచ్చి శబరి అయితలేదా? కూనవరం కాడ గోదాట్లో కలుస్తలేదా?" అని అటువైపు కేకేసి సర్దుకుంటాడు.

వెంటనే దమ్మక్క. "పోకల దమ్మక్క పుట్టలో రాముణ్ణి చూడకపోతే గుడెక్కడిది? రామదాసుకు గోల్కొండ జైలెక్కడిది?"

సరే, దమ్మక్క అనే పెడదామంటే బళ్లో పిల్లలు నవ్వుతారంటాడు. శబరి అంటే ముసలమ్మ గుర్తొస్తుందట. సీత అన్నామో, లేచి నిలబడతాడు. "పక్కనే పర్ణశాల పెట్టుకొని, ఆ రాళ్ల మీద ఆమె చీర ఆనవాళ్లు చూసి కూడా ఆ పేరు పెడతార్రా? ఎన్ని కష్టాలు పడ్డదా తల్లి!"

ఏ పేరూ నచ్చకపోయినా, పోయేముందు జేబులోంచి పొట్లం తీసి, నవమి కల్యాణం నాటి ముత్యాల తలంబ్రాలు రెండు పాప ఉయ్యాల్లో వేస్తాడు. అక్కడే కోపం కరిగిపోతుంది మనకి.

ఇంతకీ సొంత బిడ్డకు ఏం పెట్టాడనుకున్నారు? జయప్రద. అడిగితే తడుముకోడు. "1976లో వచ్చిన సీతాకల్యాణంలో సీత వేసిందెవర్రా? లవకుశలో అంజలీదేవిని అడవికి పంపిండ్రు. ఇందులో పెళ్లి కాంగానే శుభం. కష్టాలు మొదలుగాకముందే ఆగిపోయే సీతను ఏరి పెట్టిన!"

"సినిమా ఆగింది నాన్నా, నా కాపురం ఆగలే" అంటుంది జయప్రద.