సెంటు భూమి లేని జమీందారు

కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రంలో, నయాగరా నది ఒడ్డునున్న క్వీన్‌స్టన్ నుంచి హ్యూరన్ సరస్సు అంచున ఉన్న టొబర్‌మోరీ వరకు, సుమారు 900 కిలోమీటర్ల పొడవున సాగే బ్రూస్ ట్రెయిల్ అనే కాలిబాట మీద తరచుగా నడిచేవారికి, చేతిలో కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర, వీపున సంచి, ప్యాంటు మీద తెల్లరంగు మరకలు గల ఒక వ్యక్తి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడతాడు. ట్రెయిల్ కెప్టెన్ అనబడే ఇతడు, బాటలో కొన్ని కిలోమీటర్ల ముక్కను తన పూచీ మీద తీసుకుని, పైసా జీతం లేకుండా దాన్ని నడవదగిన స్థితిలో ఉంచే స్వచ్ఛంద సేవకుడు. ఈ పని చేసేవారిలో స్త్రీలూ ఉన్నారు. లక్షణాల్లో మాత్రం తేడా కనిపించదు.

ఈ బాట నయాగరా ఎస్కార్ప్‌మెంట్ వెంబడి పోతుంది. ఎస్కార్ప్‌మెంట్ అంటే ఒకవైపు మెల్లగా వాలుతూ, మరోవైపు నిలువునా తెగినట్లుండే పొడవాటి రాతిగట్టు. పైన డోలోస్టోన్ అనే గట్టిరాయి, కింద త్వరగా అరిగిపోయే షేల్ అనే మెత్తటి రాతిపొరలు ఉండటం వల్ల ఇది ఏర్పడింది. పిల్లలను చూడటానికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు పల్చటి ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఫొటో దిగివచ్చే నయాగరా జలపాతం దూకేది ఈ గట్టు మీదినుంచే. గట్టులోని మిగిలిన భాగాన్ని చూడటానికి ఎవరూ టిక్కెట్టు అమ్మరు గనుక దాన్ని ఎవరూ చూడరు. హామిల్టన్‌లోని ఉక్కు కర్మాగారంలో పనిచేసే రే లోస్ అనే లోహశాస్త్రజ్ఞుడు ఈ గట్టు పొడవునా ఒక బాట ఉండాలని 1959లో ప్రతిపాదించగా, 1967లో, అంటే కెనడా సమాఖ్య ఏర్పడి నూరేళ్లు నిండిన ఏట, అది పూర్తయింది. గట్టులో చాలాభాగం రైతులదీ ఇతర ప్రైవేటు యజమానులదీ కావడంతో, తొలి కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోటిమాట అనుమతులు సంపాదించారు. బ్రూస్ ట్రెయిల్ కన్సర్వెన్సీ అనే సంస్థ నేటికీ ఆ భూములను వీలైనప్పుడల్లా కొని శాశ్వతంగా పరిరక్షిస్తున్నది. ఈలోగా ఏ యజమాని అయినా భూమి అమ్మేసి, కొత్తవాడు వద్దంటే, బాట అడవిలోంచి లేచి తారురోడ్డు పక్కకు చేరవలసిందే.

ఈ ఏర్పాటులో కెప్టెన్ పేరున సెంటు భూమి ఉండదు, ఒకరిని ఆజ్ఞాపించే అధికారం అసలే ఉండదు. బహుశా అందువల్లనే, పట్టాదారులకు సైతం లేని యాజమాన్య భావం ఇతనిలో ఏపుగా పెరుగుతుంది. "నా వంతెన", "నా బురద", "నా మేపుల్ చెట్టు" అని అతడు సంకోచం లేకుండా అంటాడు. పక్క ముక్క కెప్టెన్ సరిహద్దు దాటి ఇటువైపు కొమ్మ ఒకటి కత్తిరిస్తే, వందనాలు చెబుతాడు గాని ఆ రాత్రి నిద్రపోడు.

అతని పాండిత్యమంతా బ్లేజ్‌ల దగ్గర బయటపడుతుంది. బ్లేజ్ అంటే నడిచేవారికి దారి చూపడానికి చెట్ల మీద వేసే రంగు గుర్తు. ముఖ్యమైన బాటకు తెలుపు, దాని నుంచి చీలే పక్కబాటలకు నీలం. పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 5. ఒకదానిపై ఒకటిగా రెండు గుర్తులుంటే మలుపు వస్తున్నదనీ, పై గుర్తు ఏ వైపుకు జరిగి ఉంటే అటు తిరగాలనీ అర్థం. బయటివారికి ఇది ఒక పూట పని. కెప్టెన్ మాత్రం, పెళ్లికూతురికి కల్యాణతిలకం దిద్దే పేరంటాలి శ్రద్ధతో బెరడును సున్నితంగా గీకి, అంచులు సరిచూసి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, తల వంచి పరిశీలించి, మళ్లీ వచ్చి ఎవరికీ కనబడని వంకరను సరిచేస్తాడు. గుర్తులు రెండు దిశల నుంచీ కనబడాలి గనుక తన ముక్కను పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఇలాగే నడుస్తాడు. నడిచినంతసేపూ చూపు చెట్ల మొదళ్ల మీదో, పైకి తేలిన వేళ్ల మీదో ఉంటుంది. నిలువు రాతిగోడలను పట్టుకుని వెయ్యేళ్లకు పైగా బతికిన తెల్ల సెడార్ చెట్లు ఈ గట్టు మీద ఉన్నాయి. అతిథులకు వాటిని చూపిస్తూ కూడా, ఆ దగ్గరి కాలువలో ఆకులు పేరుకున్నాయన్న దిగులుతోనే మాట్లాడతాడు.

బురద విషయంలో అతని నీతి లోకానికి విరుద్ధం. బూట్లు పాడవుతాయని నడిచేవారు బురదను తప్పించుకుని పక్కగా పోతే, మొక్కలు తొక్కుడుపడి, ఏడాదికేడాదికీ బాట వెడల్పవుతుంది. కాబట్టి ఇంట్లో గడప దగ్గరే చెప్పులు విడిపించే ఈ శుభ్రజీవి, అడవిలో మాత్రం పెద్దమనుషులను నడి బురదలోంచి నడవమని బతిమాలుతాడు. నీటి ఒడ్డున సందర్శకులు ముచ్చటపడి పేర్చిన రాళ్ల గోపురాలను, రాళ్లకింద బతికే చిన్న ప్రాణుల గూళ్లు చెదురుతాయన్న న్యాయమైన కారణంతో, అటూ ఇటూ చూసి కూలదోస్తాడు. ఆ క్షణంలో అతని ముఖంలో కనిపించే తృప్తికి ప్రాణికారుణ్యం ఒక్కటే హేతువని నమ్మడం కష్టం.

మే నెల వస్తే అతడు గార్లిక్ మస్టర్డ్ మీద యుద్ధానికి బయలుదేరతాడు. నలిపితే వెల్లుల్లి వాసన కొట్టే ఈ మొక్కను ఐరోపా నుంచి వలసవచ్చినవారు కూర కోసం తెచ్చుకోగా, అది అడవుల్లోకి పాకి స్థానిక పూలమొక్కలను అణచివేస్తున్నది. విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి గనుక, కాయ ముదరకముందే వేరుతో సహా పీకి సంచుల్లో కట్టాలి, మరుసటి ఏడూ అదే పని చేయాలి. పీకిన ఆకును నూరి పెస్టో అనే పచ్చడి చేసి ఇరుగుపొరుగుకు పంచడం కూడా అతని పరిరక్షణలో భాగమే. అది చేదుగా ఉంటుందని ఇంతవరకు ఏ పొరుగువారూ అతనికి చెప్పలేదు.

ఇంతటి ఆధిపత్యమూ భూయజమాని గేటు ముందు మాయమవుతుంది. బాటను పొలంలోంచి పోనిచ్చే రైతు ఎదురైతే, కెప్టెన్ టోపీ తీసి, ఆవుల ఆరోగ్యం అడిగి, కుక్కను గొలుసు లేకుండా వదిలిన ఎవరో అపరిచితుడి తరఫున తాను క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ రైతు ముఖం చిట్లిస్తే బాట తెగుతుందని అతనికి తెలుసు. నడిచేవారిలో ఎక్కువమందికి తాము ఒకరి దయ మీద నడుస్తున్నామన్న సంగతి తెలియకపోవడానికి ఈ వినయమే కారణం. శ్రమదానమంటే తెలుగునాట ఎక్కువగా ఒక బ్యానరు, నాలుగు కొత్త చీపుళ్లు, ఒక ఫొటో. ఈ బాట మీద పని సరిగా జరిగితే ఫొటో తీయడానికి ఏమీ మిగలదు, కాలు జారకుండా మనుషులు ఇంటికి చేరడం తప్ప.

మోకాళ్లు సహకరించని రోజున ముక్కను కొత్తవారికి అప్పగించి, ఇకమీదట మామూలు మనిషిలా ఊరికే నడుస్తానని ప్రకటిస్తాడు. వారం తిరగకుండానే కొత్త కెప్టెన్‌కు, గుర్తుల అంచులు సరిగా లేవని, పడిపోయిన చెట్టు ఇంకా అలాగే ఉన్నదని ఉత్తరాలు మొదలవుతాయి. వాటిని ఆపే మార్గం సంస్థకు లేదు: జీతం తీసుకోనివాడిని ఉద్యోగం నుంచి తీసివేయడం ఏ సంస్థకూ సాధ్యం కాదు.