నత్త ఇచ్చిన సర్టిఫికెట్

కెనడాలోని లండన్‌లో థేమ్స్ నదికి ఏ లోటూ లేదని వాదించే పెద్దమనుషులుంటారు. రెండు పాయలు కలిసే ఫోర్క్స్ దగ్గర రాయి తిరగేసి చూపిస్తారు: "అవిగో నత్తలు! ఇంకేం కావాలండీ?"

ఉన్నాయి, కాదనం. ఏ నత్తలు? ఫైసా. గోరంత పెంకు, ఎడమవైపు తిరిగిన చుట్టు. నీళ్లలో ఆక్సిజన్ అడుగంటినా దానికి దిగులు లేదు; మొప్పల్లేవు గనుక పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. జత దొరక్కపోయినా ఒక్కటే గుడ్లు పెట్టి సంసారం సాగిస్తుంది. ఉత్తర అమెరికాలో పుట్టి, వీసా అడక్కుండానే మన దేశపు నీళ్ల దాకా పాకిన ఘనురాలు. మొప్పలతో బతికే నత్తలకు ఆ వెసులుబాటు లేదు. నీరు చెడితే ముందు పోయేవి అవే. పోయినవాటికి తల లెక్కలో చోటు లేదు. మనుషులంతా వలసపోయిన ఊళ్లో దోమల్ని లెక్కపెట్టి, జనాభా కళకళలాడుతోందన్నట్టుంది ఈ వాదన.

ఇక ఆ నీటిని చెడగొట్టే ఉప్పు సంగతి. కెనడా ఏటా మంచు కరిగించడానికి రోడ్ల మీద సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు చల్లుతుంది. అది పర్యావరణానికి విషమని ఫెడరల్ ప్రభుత్వమే 2001లో తేల్చింది. తేల్చి ఆపిందా? మూడేళ్లు ఆలోచించి, 2004లో ఒక నియమావళి అచ్చేసింది. పాటించడం మాత్రం ఎవరి ఇష్టం వారిది! 2011లో పర్యావరణ మంత్రుల మండలి మంచినీటి జీవాల కోసం క్లోరైడ్‌కు హద్దు గీసింది: దీర్ఘకాలానికి లీటరుకు 120 మిల్లీగ్రాములు. అదీ మార్గదర్శకమే. నత్తలకు చదువు రాదు కాబట్టి సరిపోయింది.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. ఆవకాయలోకి ఉప్పు కొలిచి వేసే చెయ్యే ఇక్కడ డ్రైవ్‌వే మీద సంచి బోర్లిస్తుంది. మైనస్ 20లో రాతి ఉప్పుతో మంచు కరగదని చెబితే వినేదెవరు? పార్కింగ్ కాంట్రాక్టరుదీ అదే వరస: "ఎవరైనా జారిపడి కోర్టుకెక్కితే?" అని ఇంకో రెండు సంచులు. మంచు కరిగాక అదంతా తూముల గుండా నదిలోకే. క్లోరైడ్ కుళ్లదు, విరగదు, మురుగునీటి ప్లాంటుకు చిక్కదు. చేపల మొప్పలు పట్టుకుని ఎదగాల్సిన ఆల్చిప్ప పిల్లలకు ఆ ఉప్పే యముడు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఇక్కడ చల్లేది మనం, తాగేది నది.

అయ్యా, అమ్మా, ముందు పార పట్టండి. 20 అడుగుల డ్రైవ్‌వేకు ఒక కాఫీ మగ్గు ఉప్పు చాలు. ఒట్టావా ఏలినవారూ, నత్తలు ఎన్ని ఉన్నాయో కాదు, ఏ జాతులు పోయాయో లెక్క చెప్పండి. విషమని మీరే తేల్చిన సరుకును తగ్గించమని జనాన్ని బతిమాలుకోవడం పాలన అనిపించుకోదు. చట్టం చేయండి.