శిక్షణ సారుకి, స్విచ్ మేడంకి

జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి. ఆగస్టుకల్లా సర్కారు టీచర్లకు ముఖం చూపి హాజరు వేసే యాప్ వచ్చింది. అప్పట్లో అక్కడి కొన్ని హైస్కూళ్లలో పని పంపకం మాత్రం పాతదే. మధ్యాహ్న భోజనం లెక్కా, మరుగుదొడ్డి ఫొటోనా? 'మీరైతే ఓపిగ్గా ఎక్కిస్తారు మేడం!' విజయవాడలో డిజిటల్ శిక్షణా? 'రాత్రవుద్ది, మీకెందుకమ్మా శ్రమ, సారెళ్తార్లే!' హైదరాబాద్ హైవే మీద అర్ధరాత్రి కూడా బస్సులుంటాయన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తురాలేదు. సారు వెళ్లొచ్చారు. సర్టిఫికెట్‌తో సెల్ఫీ దిగి గ్రూపులో పెట్టారు. ఒకటే దండాలు, పూలగుత్తులు. మర్నాడు టచ్ ప్యానెల్ ముందు నిలబడి, ఎనిమిదో తరగతి పిల్లతో కబురంపారు: 'మేడంగారిని ఓసారి రమ్మను, ఇది ఆన్ అవడం లేదు.'